గోడమీది నాన్న

ఎర్రజెండా మనిషి రోడ్డుకి అడ్డంగా నిలబడి ఈల ఊదగానే ఆటో చంద్రయ్య ఇంజను ఆపేసి, చెప్పులు విడిచి, తీరిగ్గా కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. "బండలు పేలుస్తున్నరమ్మా. మూడు పేల్తయి. మూడూ అయినంకనే ఇడుస్తరు." వెనక సీట్లో వాసంతి గడియారం చూసుకుంది. మూడూ నలభై. కొత్తగూడ దాటారు, కొండాపూర్ ఇంకా రానేలేదు, ఇక్కడినుంచి మదీనాగూడకి ఎంత లేదన్నా పావుగంట, సందు మొదట్లో దిగి నడవడానికి ఇంకో మూడు నిమిషాలు, అంటే ఈ బండలేవో ఇప్పటికిప్పుడు పేలిపోతే నాలుగింటికల్లా తను ఇంట్లో ఉంటుంది, నాలుగంటే ఆయన వచ్చి గంటన్నర, గంటన్నరలో ఒక ముసలాయన ఎన్ని మాటలు చెప్పొచ్చు, ఆరేళ్ళ పిల్ల ఎన్ని మాటలు అడగొచ్చు. ఆఫీసుకి ఫోను వచ్చింది మూడూ పదికి. ఇంటివాళ్ళావిడ అంజమ్మ ఎప్పుడూ ఆఫీసుకి చెయ్యదు, చేసిందంటే కూతురు సౌజన్యకి జ్వరమో దెబ్బో అయివుండాలి, అందుకే టీమ్ లీడర్ దినేష్ "మేడమ్, ఇంటినుంచి మీకు ఫోన్" అన్నప్పుడే వాసంతి కుర్చీలోంచి లేచిపోయింది. జ్వరం కాదు. "మీ నాయననట, రెండున్నరకు వచ్చిండు. తాళం తీసి హాల్ల కూసోబెట్టి చాయ్ ఇచ్చిన. పాప ఆయనతోనే ఉంది. మీ నాయన లేడనుకుంటిమి గదమ్మా, ఫోటోకు దండ ఉండె గద" అంది అంజమ్మ.

దండ ఉంది. అదే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. మదీనాగూడలో ఆ చిన్న హాల్లో ఉన్న ఒక్క పేము కుర్చీలో వాసంతి తండ్రి రామబ్రహ్మం కూర్చుని ఉంటారు, ఆ కుర్చీకి సరిగ్గా ఎదుటిగోడకి రెండు ఫోటోలు, ఒకటి పోయి పదిహేనేళ్ళయిన తల్లి అమ్మణ్ణిది, పక్కది ఆయనదే, వాసంతి పెళ్ళిలో తీసింది, పట్టుకండువా, నుదుట కల్యాణం బొట్టు. ఆ లోపలి బొట్టు కాక అద్దం మీద ఇంకో బొట్టు, కుంకుమది. రెండు ఫోటోలకీ గంధపు దండలు. శత్రువుకైనా ఎవరూ పెట్టరు ఆ బొట్టు. ఆయన వచ్చీరాగానే చూసే ఉంటారు, కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసి ఉంటారు, లేదా చూడలేదేమో, ఆ మధ్య కంట్లో శుక్లం వచ్చిందని ఎవరో అన్నారు, దేవుడా శుక్లం ఉంటే బాగుండును, ఛీ, కన్నతండ్రి కళ్ళు కనబడకుండా ఉండాలని కోరుకుంటున్నాను, నా బుద్ధి ఎంత గడ్డి తింటోందో అనుకుని వాసంతి తన చెయ్యి తనే గిల్లుకుంది. అయినా శుక్లం ఉంటే మాత్రం ఏం లాభం, సౌజన్య ఊరుకుంటుందా. కొత్తవాళ్ళు వస్తే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఇది మా అమ్మమ్మ, ఇది మా తాతయ్య, ఇద్దరూ చచ్చిపోయారు, శుక్రవారం శుక్రవారం నేనే బొట్టు పెడతాను అని చూపిస్తుంది.

ఆ బొట్టు తను పెట్టలేదు. పెట్టలేదు కాని తుడవనూ లేదు. రెండేళ్ళ క్రితం మాట. పిల్లకి అక్షరాభ్యాసం చేయిస్తున్నాం, మీ చేతిరాత ముత్యాలకోవ, మీరే వచ్చి దాని చెయ్యి పట్టుకుని ఓనమాలు దిద్దించాలి అని నాలుగు పేజీల ఉత్తరం రాస్తే, రాసిన ఉత్తరం రాసినట్టే, జిగురు కూడా ఊడకుండా తిరిగి వచ్చింది, పైన పోస్టుమాన్ ఎర్ర సిరాతో "తీసుకోలేదు" అని రాశాడు. ఆ మర్నాడు శుక్రవారం. తల్లి ఫోటోకి బొట్టు పెడుతుంటే వెనక నుంచి పిల్ల అడిగింది, అమ్మా ఈ తాతయ్య ఎక్కడుంటాడు, మనింటికి ఎందుకు రాడు అని. లేరు, అంది వాసంతి. అమ్మమ్మలాగానా? పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి, అప్పటి ఆఫీసు బస్సుకి టైమవుతోంది, ఇవన్నీ తర్వాత తనకి తను చెప్పుకున్న సాకులు, అసలు సంగతి ఏమిటంటే ఆ క్షణంలో ఆయన మీద ఒళ్ళు మండిపోతోంది, అందుకే "ఊఁ" అంది. ఒక్క ఊఁ. పై శుక్రవారం స్నానం చేసి వచ్చేసరికి నాలుగేళ్ళ పిల్ల స్టూలెక్కి, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా తాతగారి ఫోటోకి బొట్టు పెడుతోంది. "పాపం అమ్మా, అమ్మమ్మకి పెట్టి తాతయ్యకి మానేశావు" అంది. తుడుద్దామని తడిగుడ్డ తెచ్చింది వాసంతి, ఫోటో దాకా వెళ్ళింది, చెయ్యి లేవలేదు. ఎక్కడో కసి తీరినట్టయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, భర్త ఆంజనేయులుకి కూడా. ఆయన క్యాంపు నుంచి వచ్చి ఫోటో చూసి నివ్వెరపోయి, ఇదేమిటి వాసంతీ, బతికున్న మనిషికి, తీసెయ్ అంటే, పిల్ల పెట్టింది, తీస్తే ఏడుస్తుంది అంది. దండ మాత్రం తనే కొంది. పిల్ల ఇద్దరికీ కావాలని పేచీ పెట్టింది, రెండు కొంది.

మొదటి బండ పేలింది. శబ్దం చెవులకి కాదు, ఆటో నేలలోంచి వచ్చి నడుముకి తగిలింది. గుట్టమీద తెల్లటి దుమ్ము లేచి మెల్లగా విచ్చుకుంటూ అటు హైటెక్ సిటీ గుండ్రటి అద్దాల మేడ వైపు జరిగిపోయింది. రోడ్డు పక్క గేదెలు తల కూడా ఎత్తలేదు, అవి అలవాటు పడ్డాయి. "ఒకటి" అన్నాడు చంద్రయ్య.

నాన్నగారు ఆ రోజు అన్నదేమిటి, సరిగ్గా గుర్తు తెచ్చుకుంటే అంత చెడ్డమాట ఏమీ కాదు, అదే చెడ్డతనం. తొంభైమూడులో, పిల్లని తెచ్చిన పదకొండో రోజున ఉయ్యాలలో వేస్తున్నాం రండి అంటే వచ్చారు. విజయవాడ నుంచి అరటిపళ్ళ గెల కూడా మోసుకొచ్చారు. ఆయనకి ఆంజనేయులు దూరపు బంధువుల పిల్లని ఎవరినో పెంచుకుంటున్నాడని తెలుసుగాని అనాథ పిల్లల ఇంటినుంచి తెచ్చారని తెలియదు, ఇక్కడికి వచ్చాకే విన్నారు. ముప్ఫైరెండేళ్ళు రిజిస్ట్రారాఫీసులో రాసిన చెయ్యి అది, ఎన్ని దత్తత దస్తావేజులు తన చేత్తో పుస్తకాలకి ఎక్కించారో. ఉయ్యాల పక్కన నిలబడి, కూర్చోకుండానే, ఆఫీసు బల్ల దగ్గర పార్టీని అడిగినట్టు అడిగారు. "దత్తత అంటే ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. పుచ్చుకున్నది మీరు. ఇచ్చిందెవరు?" వాసంతి కాఫీ గ్లాసు ముందుకు జరిపింది. "ఇచ్చినవాళ్ళు లేకుండా పుచ్చుకున్నదాన్ని ఏమంటారో నీకు తెలుసా వాసంతీ?" అన్నారు. కాఫీ ముట్టుకోలేదు. చెప్పులు వేసుకుంటూ, ఈ పిల్ల నా గుమ్మం తొక్కకూడదు, నేను మీ గుమ్మం తొక్కను అన్నారు. అరటి గెల అలాగే మూలన ఉండి మగ్గిపోయి ఈగలు ముసిరితే పనిమనిషి చేత పారేయించింది. ఇచ్చినావిడ ఉంది. వాసంతికి తెలుసు. అనాథ పిల్లల ఇంట్లో పెద్దావిడ ఫైలు తిప్పుతుంటే ఒక కాగితం కింద నీలం వేలిముద్ర కనబడింది, చిన్న వేలిముద్ర, దాని పక్కన పేరు ఉండాల్సిన చోట పెద్దావిడ అరచెయ్యి అడ్డం పెట్టింది. మీరివి చూడకూడదమ్మా అంది. ఆ వేలిముద్ర మాట ఆ రోజు నాన్నగారితో అని ఉంటే? ఒక్కమాట, ఇచ్చింది నాన్నగారూ, వేలిముద్ర వేసి మరీ ఇచ్చింది అని ఉంటే? అనలేదు. కోపం వచ్చి అనలేదని ఆరేళ్ళుగా అనుకుంటోంది. కోపం కాదు, భయం. ఇచ్చినావిడ ఉందని నోటితో అంటే, ఉన్నావిడ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

రెండోది పేలింది. ఇది దగ్గర్లోనే, ఆటో రేకుమీద చిన్న రాళ్ళు చిటపటలాడాయి. చంద్రయ్య తలెత్తి చూసి "రెండు" అన్నాడు. ఆ తర్వాత ఎంతసేపటికీ మూడోది లేదు.

నాలుగు అయింది. నాలుగూ అయిదు. వాసంతి కుడి పాదం ఆటో నేలమీద నొక్కుతోంది, వదులుతోంది, నొక్కుతోంది. ఆఫీసు అలవాటు. అక్కడ రోజంతా చెవులకి హెడ్‌ఫోన్లు, కాలికింద పెడల్, అమెరికా డాక్టర్లు తమ రోగుల సంగతులు గబగబా చెప్పి రికార్డు చేసి పంపిస్తే ఇక్కడ కూర్చుని అవన్నీ టైపు చెయ్యడం, మాట అందకపోతే పెడల్ నొక్కితే చాలు, చెప్పినాయన వెనక్కి వెళ్ళి మళ్ళీ చెబుతాడు. ఆ 'ఊఁ' దగ్గరికి ఒక్కసారి వెనక్కి వెళ్ళే పెడల్ ఉంటే కాలు విరిగేదాకా నొక్కేది. ఈ మధ్యాహ్నం అంజమ్మ ఫోనుకి ముందు చేస్తున్న ఫైలు, ఎవరో యాభైయేళ్ళాయనకి గుండెనొప్పి, తండ్రికి ఉందా, తల్లికి ఉందా అని చెప్పాల్సిన చోట ఆ డాక్టరు ఏ మాత్రం గొంతు మారకుండా, కుటుంబ చరిత్ర తెలియదు, రోగి దత్తుడు అన్నాడు, అని తర్వాత మందులకి వెళ్ళిపోయాడు. ఈ నాలుగు నెలల్లో అయిదోసారో ఆరోసారో ఆ వాక్యం టైపు చెయ్యడం. చేసిన ప్రతిసారీ వేళ్ళు చల్లబడతాయి. యాభైయేళ్ళాయనకి తెలుసు, ఆయన డాక్టరుకి తెలుసు, ఏడు సముద్రాల ఇవతల టైపు చేసే తనకీ తెలుసు, దానికేం కొంప మునగలేదు, ఆయన బాధ గుండెనొప్పి గురించే. మరి నా పిల్లకి చెప్పడానికి నాకేం రోగం? పెద్దయ్యాక చెబుదాం అని ఆంజనేయులు, పదేళ్ళు రానీ అని తను, పది రాగానే పదో తరగతి అవనీ అంటారు. చేరిన మొదటి రోజే దినేష్ చెప్పాడు, వినబడకపోతే ఖాళీ గీత వదిలెయ్యండి మేడమ్, పర్వాలేదు, ఊహించి మాత్రం రాయకండి, అదే అన్నిటికన్నా పెద్ద తప్పు అని. ఆఫీసులో ఒక్కనాడూ ఊహించి రాయలేదు. ఇంట్లో ఖాళీ ఉన్నచోటల్లా రాసింది.

ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోంది. నువ్వు చచ్చిపోయావు కదా అని అది అంటుంది, ఎవరు చెప్పారు అంటారు ఆయన, అమ్మ అంటుంది. ఆయన కోపం వాసంతికి బాగా తెలుసు, అరవరు, గొంతు తగ్గిస్తారు, తగ్గించిన గొంతుతో ఆ పసిదానితో, మీ అమ్మ ఇంకేం అబద్ధాలు చెప్పింది, నువ్వెవరి పిల్లవో చెప్పిందా అంటే? దానికి అబద్ధం తెలియదు, అన్నీ నమ్ముతుంది. ఫోటో ముందు నిలబడి తాతయ్యా నాకు లెక్కల్లో ఇరవైకి పదహారే వచ్చాయి, అమ్మకి చెప్పకు అని గుసగుసలాడే పిల్ల. పదహారు వచ్చాయని తలుపు చాటునుంచి విని, తెలియనట్టు ఊరుకుంది తను. ఆ పిల్లకి ఆయన నోటినుంచి, అదీ పగతో, వద్దు నాన్నగారూ, నన్నేమన్నా అనండి, చెంప పగలగొట్టండి, దానికి మాత్రం చెప్పకండి. ఆటోలో పైకే అన్నట్టుంది, చంద్రయ్య వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, గంత పరేషాన్ గున్నవు. ఇంట్ల ఎవలికన్న బాగలేదా?"

"మా నాన్నగారు వచ్చారు."

"గదానికి ఫికరెందుకు? మంచిదే గద."

"ఆరేళ్ళ తర్వాత వచ్చారు."

చంద్రయ్య మళ్ళీ సీటుకి ఆనుకున్నాడు. "ఆరేండ్ల పొద్దు ఆగినాయన ఇంకో అర్ధగంట ఆగడా? కూసో తల్లీ. పేలని మందు మీదికెల్లి మాత్రం బండి తోలరాదు."

ఆగరు, ఆయన ఆగరు, ఫోటో చూసిన మరుక్షణం సంచి తీసుకుని వెళ్ళిపోయి ఉంటారు అని కొత్త భయం పుట్టింది వాసంతికి, ఇంతసేపూ ఆయన అక్కడ ఉన్నందుకు భయపడింది, ఇప్పుడు లేకపోతే ఎలాగని భయపడుతోంది. అసలెందుకు వచ్చినట్టు? ఒంట్లో బాగాలేదా? నాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? అప్పుడు మూడోది పేలింది. గుట్ట అవతల ఎక్కడో, మెల్లగా, బస్తా కింద పడేసినంత చప్పుడు. ఇంతసేపు చెమటలు పట్టించింది ఇదా. ఎర్రజెండా దిగింది, లారీలు హారన్లు మోగించాయి, చంద్రయ్య చెప్పులు తొడుక్కున్నాడు. కొండాపూర్, దుమ్ము, సగం కట్టిన అపార్ట్‌మెంట్లు, పునాదుల్లో నీళ్ళు, మళ్ళీ దుమ్ము, బొంబాయి రోడ్డు మలుపు. చిల్లర కూడా తీసుకోకుండా సందులోకి పరుగెత్తింది. గేటు దగ్గర అంజమ్మ ఏదో అనబోయింది, వినలేదు. గుమ్మం ముందు చెప్పులు ఉన్నాయి. నల్లతోలు, ఎడమదానికి పట్టీ తెగితే దారంతో కుట్టి ఉంది. ఆ మనిషి దారంతో కుట్టిన చెప్పులు వేసుకుని ఊళ్ళు తిరగడం వాసంతి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లోపల్నుంచి మాటలు వినబడటం లేదు.

గోడమీద అమ్మణ్ణి ఒక్కతే ఉంది. పక్కన మేకు. పేము కుర్చీలో రామబ్రహ్మం, ఆయన ఒళ్ళో ఆయన ఫోటో, గంధపు దండ చుట్టచుట్టి టీ కప్పు పక్కన పెట్టి ఉంది. ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడి సౌజన్య ఆయన చేతిరుమాలు తడిపి అద్దం రుద్దుతోంది. "అమ్మా, పోవట్లేదు. అంతా ఎండిపోయింది" అంది, తల్లిని చూసి ఏ ఆశ్చర్యమూ లేకుండా.

"ఎండలో వచ్చావు, మంచినీళ్ళు తాగు" అన్నారు ఆయన. మెడ సన్నబడింది, చొక్కా కాలరు వదులైంది. "తాతయ్యనంటే నమ్మలేదు. ఫోటో దింపించి, మొహం పక్కన పెట్టుకుని కూర్చోమంది. కూర్చున్నాను."

"నాన్నగారూ, నేను..."

"నీ సంగతి తర్వాత." గొంతు తగ్గించే అన్నారు, కాని కోపంతో కాదు, మాట నిలవక. కళ్ళజోడు తీశారు. "నేను పోతే నాకింత బొట్టు పెట్టేవాళ్ళెవరే అని ఈ మధ్య ఒకటే ఆలోచన. పొద్దున బండెక్కినప్పుడు కూడా అదే. ఇక్కడికొచ్చి చూస్తే ఇది రెండేళ్ళుగా పెడుతోంది. ఎక్కడా మానలేదట. జ్వరం వచ్చినప్పుడు కూడా." పిల్లకి వినబడకుండా, పెదవులు కదిపీ కదపకుండా, "నేనేం చెప్పలేదమ్మా దానికి. చెప్పడానికి నాకేం మొహముంది. ఉత్తరం తిరగ్గొట్టినవాణ్ణి" అన్నారు.

వాసంతి గోడకి ఆనుకుని నేలమీద కూర్చుంది. చెప్పలేదు. గంటసేపు ఆటోలో చచ్చి బతికింది, చెప్పలేదు. ఇంక పర్వాలేదు, ఇంక కాఫీ కలపాలి, ఆయన పంచదార తగ్గించారో ఏమో అడగాలి, ఆంజనేయులుకి క్యాంపుకి ఫోను చెయ్యాలి, చెప్పు పట్టీ కుట్టించాలి, పదేళ్ళు వచ్చాక చెప్పొచ్చు. సౌజన్య ఫోటో ఎత్తి వెలుతురులో చూసుకుని తాతయ్య ఒళ్ళో పెట్టేసింది. బొట్టు పోయింది, లేత మరక మిగిలింది. ఇప్పుడు గోడ వంక చూస్తోంది, అమ్మమ్మ వంక, ఖాళీ మేకు వంక.

"అమ్మమ్మ కూడా వస్తుందా?"

"లేదు తల్లీ. అమ్మమ్మ నిజంగానే లేదు."

"మరి నువ్వు లేరని చెప్పినవాళ్ళలో" అని పిల్ల లెక్కలు కట్టేటప్పుడు పెట్టే మొహం పెట్టి అడిగింది, "ఇంకా ఎవరెవరు ఉన్నారమ్మా?"

నిష్ఠూరం కాదు, ఊరికే తెలుసుకుందామని. వాసంతి తండ్రి వంక చూసింది. ముప్ఫైరెండేళ్ళు దస్తావేజులు రాసిన ఆయన తల దించుకుని, తన ఫోటో మీది తడి పంచె అంచుతో తుడుస్తున్నారు. ఆయన ఏమీ అనరు. ఎవరూ ఏమీ అనరు, తను 'ఎవరూ లేరు' అంటే పిల్ల నమ్ముతుంది కూడా. కుడి పాదం నేలమీద ఒక్కసారి నొక్కుకుంది. అక్కడ ఏ పెడలూ లేదు.

"ఇలా రా" అని సౌజన్యని ఒళ్ళోకి లాక్కుంది. తడి చేతులు, నిండా కుంకుమ. "ఒకావిడ ఉంది. పేరు నాకు తెలీదు, ఊహించి చెప్పను. నిన్ను నాకు ఇచ్చింది ఆవిడే."

కుర్చీలో రామబ్రహ్మం తుడవడం ఆపేశారు.